ఒక్క లైను, రెండు కంప్యూటర్లు

(సైబర్ భద్రతా అవగాహన మాసం సందర్భంగా ప్రాంతీయ కార్యాలయ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఐటీ విభాగం మనిషిని కాను. సర్వీసంతా దాదాపు అడ్వాన్సుల దగ్గరే గడిచింది. ఇంట్లో ఇంటర్నెట్ గురించి పది నిమిషాలు మాట్లాడమంటే, నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడే డజను మంది ఉన్నారన్నాను. "వాళ్లు మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు సార్, మీరే మాట్లాడండి" అన్నారు. అది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

2006లో మేము విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్లం. మా బావమరిది ఎంసీఏ చదువుతూ మా ఇంట్లోనే ఉండేవాడు. నాకొక కంప్యూటరు, అతనికొకటి. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మాత్రం ఒక్కటే. వేగం 256 కేబీపీఎస్. అప్పట్లో ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అంటే అదే. మోడెముకు కేబులు పెట్టే రంధ్రం ఒక్కటే ఉండేది. రూటరు కొనడానికి నాకు చేతులు రాలేదు. దాంతో నా కంప్యూటరులో రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టించి, ఒకదాన్ని మోడెముకు, రెండోదాన్ని అతని కంప్యూటరుకు కలిపాం. దానికి మామూలు కేబులు పనికిరాదు. ఒక చివర ఒకటో తీగ రెండో చివర మూడుకు, రెండోది ఆరుకు పోవాలి. దాన్ని క్రాస్ కేబుల్ అంటారు. గోడకు చిల్లు పెట్టడానికి ఇంటివారు ఒప్పుకోలేదు. వెంటిలేటరులోంచి తెచ్చాం.

విండోస్ ఎక్స్‌పీలో కనెక్షన్ షేర్ చేసే సదుపాయం ఉంది. ఒక టిక్ పెడితే నా కంప్యూటరు 192.168.0.1 అయింది, అతనిదానికి అదే వరుసలో ఇంకో నంబరు వచ్చింది. పని జరిగింది. కానీ నా కంప్యూటరు ఆపితే అతనికి నెట్ పోతుంది. రాత్రి పదకొండింటికి పడుకోబోతుంటే పక్క గదిలోంచి "బావగారూ, కట్టేయకండి!" అని కేక. ఆ నెల కరెంటు బిల్లు చూసుకున్నాక రూటరు కొనడమే చవక అనిపించింది. ఇన్నేళ్ల లోన్ అప్రైజల్ అనుభవం నాకు అక్కడ అక్కరకు రాలేదు.

ఒక్క లైను ఇద్దరికి ఎలా సరిపోతుందో బావమరిది చాలాసార్లు చెప్పాడు, నాకెక్కలేదు. చివరికి మన డిస్పాచ్ సెక్షన్ గుర్తొచ్చి అర్థమైంది. బ్రాంచికి బయట ఒకటే అడ్రసు. లోపల లోన్లు, డిపాజిట్లు, లాకర్లు అని ఎన్నో బల్లలు. ఉత్తరం ఏ బల్ల నుంచి వెళ్లినా పైన బ్రాంచి అడ్రసే వేసి, ఒక రిఫరెన్సు నంబరిచ్చి రిజిస్టరులో రాసుకుంటారు. జవాబు వచ్చినప్పుడు నంబరు చూసి ఆ బల్లకు పంపుతారు. రూటరు చేసేది సరిగ్గా ఇదే. రిజిస్టరులో లేని నంబరుతో ఏదైనా వస్తే లోపలికి రానివ్వదు. ఇంత అవస్థ ఎందుకంటే పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న ఇంటర్నెట్ అడ్రసులు సుమారు 430 కోట్లే. ఇంటికో అడ్రసు ఇవ్వడమే కష్టం, మనిషికి రెండేసి ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఇక అసలు సంగతి. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2020 జూన్. మా అమ్మాయి బీటెక్ చివరి సంవత్సరం. మేము రోజు విడిచి రోజు ఆఫీసుకు వస్తున్నాం. ఆ రోజు నాది ఇంటి నుంచి పని. అమ్మాయికి పదకొండు గంటలకు ఒక కంపెనీ ఆఖరి ఇంటర్వ్యూ, వీడియోలో. నేను టీవీ ఆపించాను. కుక్కరు పెట్టొద్దని మా ఆవిడకు చెప్పాను. కాలింగ్ బెల్ స్విచ్ కూడా తీసేశాను. అంతా చేసి, హాల్లో చప్పుడు లేకుండా కూర్చుని, ఆడిట్ వాళ్లు అడిగిన డాక్యుమెంట్ల స్కాన్లు పంపడం మొదలుపెట్టాను. మొత్తం 900 ఎంబీ.

పదకొండుంబావుకు అమ్మాయి గదిలోంచి "హలో, వినిపిస్తోందా సార్?" అని నాలుగైదుసార్లు వినిపించింది. తరవాత మాట లేదు. వాళ్ల మాటలు దీనికి వినిపిస్తూనే ఉన్నాయట, దీని మాటే వాళ్లకు చేరలేదు. "అమ్మాయి లైనులో లేదు, తరవాతి వాళ్లను పిలుద్దాం" అని వాళ్లు అనుకోవడం కూడా విన్నది. కంపెనీకి మెయిలు పెట్టింది, జవాబు రాలేదు.

నేను నెట్ వాళ్ల మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాను. కంప్లయింటు పెట్టాను. మర్నాడు ఒక కుర్రాడు మాస్కు పెట్టుకుని వచ్చి లైను చూశాడు. బాగానే ఉంది. మెల్లిగా అడిగాడు: "ఆ టైములో ఇంట్లో ఇంకెవరైనా ఏదైనా పంపిస్తున్నారా సార్?"

మా లైనులో డౌన్‌లోడ్ 8 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 1 మాత్రమే. ప్లాన్ల ప్రకటనల్లో పెద్దగా కనపడేది మొదటి అంకె. మనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ అనే లెక్కతో ఆ లైన్లు అలా చేశారు. కానీ వీడియో కాల్‌లో మన ముఖం, మన గొంతు వెళ్లేది ఆ సన్న దారిలోనే. క్యాష్ కౌంటరు దగ్గర పెట్రోలు బంకు వాళ్లు గోనెసంచీ నోట్లతో నిలబడ్డారనుకోండి. వెనక రెండువేలు తీసుకోవడానికి వచ్చిన పెన్షనరు గంట నిలబడాలి. ఆ సంచీ నాది.

రాత్రి భోజనాలయ్యాక అమ్మాయికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత "ఎంత సైజు నాన్నా?" అంది. 900 ఎంబీ అన్నాను. బైటుకు ఎనిమిది బిట్లు. మనసులోనే లెక్కేసి "రెండు గంటలు" అంది. లేచి వెళ్లిపోయింది. నాలుగు నెలల తరవాత దానికి వేరే చోట ఉద్యోగం వచ్చింది, అది వేరే సంగతి.

ఆ ఆదివారమే రూటరు నుంచి దాని గదికి కేబులు వేశాను. వై-ఫై గోడలు దాటేసరికి నీరసపడుతుంది, తీగకు ఆ బాధ లేదు. రూటరు సెట్టింగుల్లో ఒక్కో కంప్యూటరుకు ఇంతకు మించి వాడకూడదని పరిమితి పెట్టే వీలుంది. అన్ని రూటర్లలో ఉండదు, మాదాంట్లో ఉంది. నా లాప్‌టాప్ అప్‌లోడ్ సగానికి కట్టేశాను. ఫోన్ల ఫొటో బ్యాకప్ రాత్రికి మార్చాను. పగలు ఫోన్లు మనకు తెలియకుండా పంపుతూనే ఉంటాయి. వంటింట్లో వేలాడే మన బ్యాంకు క్యాలెండరు మీద ఎవరికి ఎప్పుడు ముఖ్యమైన కాల్ ఉందో రాసుకోవడం మొదలుపెట్టాం. వీటన్నిటిలో బాగా పనిచేసింది ఆ క్యాలెండరే.

భద్రతా మాసం కాబట్టి ఒక మాట. డిస్పాచ్‌లో బయటి అడ్రసు ఒకటే అన్నాను కదా. లోపల ఎవరు ఏం చేసినా బయట కనపడేది కనెక్షన్ తీసుకున్నవాడి అడ్రసే. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన ఈమెయిల్‌ను పట్టుకుని పోలీసులు వెళితే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటికి చేరారు. ఆయన వై-ఫైని ఎవరో వాడుకున్నారు. పక్కింటివాళ్లు పాస్‌వర్డ్ అడిగితే మొహమాటపడతాం. గెస్ట్ నెట్‌వర్క్ అని రూటరులో వేరే పేరుతో పెట్టవచ్చు, ఆఫీసు లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్ వాళ్లకు ఇవ్వనక్కర్లేదు. రూటరు స్టిక్కరు మీద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చనివాళ్లు ఇక్కడ ఎంతమందో నేను అడగను, చేతులెత్తొద్దు.

ఇంట్లో కేబులు వేసుకోవాలనుకునేవాళ్లు రూటరు నుంచి గది దాకా తలుపుల మీదుగా దారి కొలిచి, రెండు మీటర్లు ఎక్కువ కలిపి నాకు చెప్పండి. క్రింపింగ్ టూలు నా దగ్గరుంది. శనివారం తెస్తాను.