కనబడని కొనుగోలుదారు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సంతలో కొనువారు పచ్చడి రుచి చూచి కొందురు. ఆన్‌లైన్ వర్తకములో వారికి కనబడునది మీ మాటయు, చిత్రమును మాత్రమే. కావున మాటయే మూలధనము.

మొదట ఒక్క సరుకుతో ఆరంభింపుడు. సీసా పగులకుండ కట్టి, దూరపు బంధువులకు పంపి పరీక్షింపుడు. వెలలో సీసా, పెట్టె, రవాణా ఖర్చులు చేర్పుడు. లేనిచో అమ్మకముతోపాటు నష్టమును పెరుగును. ఆహారపదార్థములకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు తప్పనిసరి. బరువు, వెల, తయారైన తేదీ సీసాపై వ్రాయుడు.

2016లో వచ్చిన యు.పి.ఐ. వలన సొమ్ము క్షణములో చేరును. కాని సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య అక్కరలేదు. దాని నడిగినవాడు మోసగాడు. ఖాతాలో సొమ్ము చూచుకొనిన పిదపనే సరుకు పంపుడు.

ఇంటి లెక్క, వ్యాపారపు లెక్క వేరువేరుగా వ్రాయుడు. పగిలిన సీసాకు మారుసీసా పంపుడు. ఆ నష్టము స్వల్పము. పోయిన నమ్మకము మరల రాదు.