బొమ్మా, బొరుసా?
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నప్పుడు పైసా ఎగరేసి "బొమ్మా, బొరుసా?" అని పందెం కాసేవాళ్ళం. బొమ్మ ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు.

1901లో చనిపోయేదాకా మన రూపాయి మీద విక్టోరియా రాణి బొమ్మే ఉండేది. బొమ్మ ఆడమనిషిదే. అయినా మన దేశంలో ఆడవాళ్ళకు అప్పుడు ఓటు లేదు.

1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. మన ప్రభుత్వం ప్రత్యేకంగా పది పైసల నాణెం వేసింది. ఒకవైపు మూడు సింహాలు, విలువ. రెండోవైపు "సమానత, అభివృద్ధి, శాంతి" అనే మాటలు, అవీ హిందీలో, ఇంగ్లీషులో. మన పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్ళు చదవగలిగి ఉంటారు? ఆ ఏడే సమాన వేతన ఆర్డినెన్సు వచ్చింది. 1976లో అది చట్టమైంది. 1980లో గ్రామీణ మహిళల అభ్యున్నతి పేరుతో పది పైసలు, పాతిక పైసల నాణేలు వచ్చాయి.

కానీ పొలాల్లో, ఇటుక బట్టీల్లో, కట్టుబడి పనుల్లో ఈనాటికీ చాలాచోట్ల మగవాళ్ళ కూలి ఎక్కువ, మన కూలి తక్కువ.

2011 జూన్ 30 నుంచి పాతిక పైసలు, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. వాటి మీద రాసిన సమానత మాత్రం మనకింకా చెల్లించని బాకీగానే ఉంది.

నాణెం మీద మన బొమ్మ వేయమని నేనడగను. మీరు పనిచేసే ఊళ్ళలో కూలి పంచే రోజున దగ్గరుండి లెక్క చూడండి. ఒకే పనికి ఆమెకెంత, అతనికెంత? తేడా కనిపిస్తే ఆమెను ఒంటరిగా అడగనివ్వకండి. అందరం కలిసి అడుగుదాం.