సేవాగృహమున కుర్చీ ఎవరిది?

(అణైకట్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



వికలాంగుల సంరక్షణ సంస్థలలో ఉద్యోగధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇది మనకు దూరపు విషయమని తోచవచ్చును. కాని ఈ సభలోని కుటుంబములలో వేలూరు ఆసుపత్రులలోనో ఆశ్రమములలోనో పనిచేయు బిడ్డ ఒకరైనను లేని కుటుంబములు కొద్ది. కొందరు నర్సులు, కొందరు ఆయాలు, కొందరు లెక్కలు వ్రాయువారు. ఉదయము బస్సెక్కి పోయి రాత్రికి ఇల్లు చేరు నడుమ వారి పనిచోట ఏమి జరుగుచున్నదో మనము అడుగుట అరుదు. జీతము వచ్చినదా అని మాత్రము అడుగుదుము.

ఒక సంరక్షణ సంస్థ మంచిదా చెడ్డదా అని తెలిసికొనుటకు జనులు సాధారణముగ మంచములు శుభ్రముగ నున్నవా, అన్నము వేళకు పెట్టుచున్నారా అని చూతురు. అవి చూడవలసినవే. మేము మరియొకటి కూడ చూతుము. ఆ సంస్థలో వికలాంగుడు మంచముమీదనే యున్నాడా, లేక బల్ల వెనుక కుర్చీలో కూడ నున్నాడా? అనగా, సేవ పొందువాడుగనే మిగిలెనా, సేవ చేయువాడుగ జీతపు పుస్తకమున కెక్కెనా?

ఈ ప్రశ్నకు ఉదాహరణము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. కేరళమునుండి వచ్చి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన మేరీ వర్గీసు అను యువవైద్యురాలు 1954 జనవరి 30వ తేదీన తోటివారితో కూడి మోటారు బండిలో పోవుచు ప్రమాదమునకు లోనయ్యెను. వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుపడెను. ఆమె మరల నడువలేదు. అట్టి స్థితిలోనున్న వైద్యురాలిని ఏ సంస్థయైనను గౌరవముగ ఇంటికి పంపియుండవచ్చును. సానుభూతి సభ జరిపి, శాలువ కప్పి, పటము గోడకు తగిలించియుండవచ్చును. మన సంఘములకు ఈ పద్ధతి బాగుగ తెలియును.

వేలూరులో అట్లు జరుగలేదు. అచ్చట కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేయుచుండిన డాక్టరు పాల్ బ్రాండుగారు ఒక చిన్న సంగతి గమనించిరి. చేతికి చేయు శస్త్రచికిత్సను వైద్యుడు కూర్చుండియే చేయును. కాబట్టి చక్రముల కుర్చీ దీనికి అడ్డు కాదు. ఆమె ఆ విద్య నేర్చి, చక్రముల కుర్చీలో కూర్చుండి, వంకరపోయిన వ్రేళ్లను సరిచేయ మొదలిడెను. ఇందులో దయచూపి ఇచ్చిన పని యేదియు లేదు. పనిని తగ్గించలేదు, కొలతను తగ్గించలేదు. ఆమె కాళ్లతో నిమిత్తము లేని పని ఏదని వెదకిరి, అంతే. తరువాత ఆమె ఆస్ట్రేలియాలో చికిత్స పొంది, న్యూయార్కులో హోవర్డు రస్కుగారి సంస్థలో పునరావాస వైద్యమును అభ్యసించి వేలూరునకు తిరిగివచ్చెను. 1966లో బాగాయంలో రోగులు నివసించి చికిత్స పొందు పునరావాస సంస్థ ఆమె పూనికతో వెలసెను. 1972లో పద్మశ్రీ వచ్చెను. 1986లో ఆమె కాలధర్మము నొందెను. వెన్నెముక విరిగి ఆ సంస్థకు వచ్చిన రోగి, తనవలెనే చక్రముల కుర్చీలో కూర్చుండి తనకు వైద్యము చెప్పు డాక్టరును చూచినప్పుడు ఏమనుకొనియుండునో మీరే ఊహింపుడు.

బ్రాండుగారి అనుభవము మరియొకటి కలదు. చేతులు బాగుపడిన కొందరు రోగులు కొంతకాలమునకు తిరిగివచ్చి, పూర్వము వంకర వ్రేళ్లను చూచి జనులు బిచ్చము వేయుచుండిరి, ఇప్పుడు బిచ్చమును లేదు, పనియు లేదు అని మొరపెట్టుకొనిరట. శస్త్రచికిత్స సఫలమై మనిషి విఫలుడయ్యెను. అందువలన వేలూరున నవజీవన కేంద్రము ఏర్పడెను. చికిత్స పొందినవారు అచ్చట వడ్రంగము నేర్చి బొమ్మలు మొదలగునవి చేయుచుండిరి. 1955లో కరిగిరిలో కుష్ఠరోగ పరిశోధనాలయము నెలకొనెను. సామాన్య వైద్యశాలలు కుష్ఠరోగిని లోపలికి రానిచ్చుటకే జంకుచుండిన కాలమది. 1980 దరిదాపుల బహుళౌషధ చికిత్స వచ్చి ఆ వ్యాధి పూర్తిగ నయమగుచున్నను, దానిపై భయము మాత్రము ఔషధమంత త్వరగ పనిచేయలేదు. కుష్ఠరోగము విడాకులకు కారణముగ చట్టములందు 2019 వరకు నిలిచియుండెననిన మీరు ఆశ్చర్యపడవచ్చును.

ఇంతవరకు చెప్పినవి గొప్పవారి కథలు. ఇక మా కథ యొకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగనే యున్నది.

మేము కొంతకాలము ఒక ఆశ్రమము లెక్కలు తనిఖీ చేయుచుంటిమి. ఊరు చెప్పము, పేరు చెప్పము. అచ్చట మగ్గముల షెడ్డు ఒకటి యుండెను. పోలియోవలన రెండు కాళ్లును సన్నబడిన మనవాడొకడు, చక్కని తెలుగు మాటలాడువాడు, పదునారేండ్లనుండి క్రొత్తగ వచ్చినవారికి నేత నేర్పుచుండెను. వాని చేతి దుప్పట్లు అమ్మిన సొమ్ము లెక్కలో కనబడుచుండెను. వాని పేరు మాత్రము జీతముల రిజిస్టరులో లేదు. వెదకగ, ‘పోషణ వ్యయము’ అను పద్దు క్రింద, బియ్యము పప్పుల సరసన కనబడెను. నిర్వాహకుని అడిగితిమి. “అన్నము పెట్టుచున్నాము, గుడ్డ ఇచ్చుచున్నాము, వానికి డబ్బెందుకు?” అనెను. ఆయన దుర్మార్గుడు కాడు. రాత్రి రోగులకు జ్వరము వచ్చిన తానే మేల్కొని కూర్చుండువాడు. తాను చేయునది దానమని గట్టిగ నమ్మినవాడు. మేము ఆ యేటి లెక్కలపై సంతకము చేసి వచ్చితిమి.

మేము వచ్చుచుండగా ఆ నేతగాడు వాకిట కూర్చుండి, “అయ్యా, నా పేరు జీతాల పుస్తకంలో ఉందా?” అని అడిగెను. వచ్చు సంవత్సరము చూతమంటిమి. మరుసటి సంవత్సరము మేము పోలేదు.

ఉద్యోగధర్మము అనిన లంచము తీసికొనకుండుట, వేళకు వచ్చుట అని మాత్రమే మనము తలంతుము. సంరక్షణ సంస్థలలో అంతకన్న సూక్ష్మమైన దోషము దయ రూపమున ప్రవేశించును. పనికి కూలి ఇయ్యక అన్నము పెట్టి పుణ్యమనుకొనుట అట్టిది. నలుబది యేండ్ల మనిషిని “బాబూ, బుజ్జీ” అని పిలుచుట అట్టిది. ఎదుటనున్నవానిని అడుగక, వాని వెనుక నిలిచిన అన్ననో చెల్లెలినో “ఈయన కాఫీ త్రాగునా?” అని అడుగుట అట్టిదే. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు, తమిళమున మాట్రుత్తిరనాళిగళ్ అని పేర్లు మార్చుచున్నాము. మంచిదే. పేరుతోబాటు గడప యెత్తు కూడ మారిన మరింత మంచిది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనున్నది. అది 21 విధముల వైకల్యములను గుర్తించినది. ప్రభుత్వోద్యోగములలో, నిర్ణీత పరిమాణమునకు మించిన వైకల్యము గలవారికి, నూటికి 4 స్థానములు ప్రత్యేకించినది. ఉద్యోగమున నుండగా వైకల్యము ప్రాప్తించినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పనికి తగడేని అదే జీతముతో వేరు పని చూపవలెను. 1954లో వేలూరున స్వయముగ చేసినదే చట్టమున కెక్కెనని మాకు తోచును. అయితే ఈ రక్షణ ముఖ్యముగ ప్రభుత్వ సంస్థలకు సంబంధించినది. ప్రైవేటు సంస్థయు సమానావకాశముల విధానమును ప్రకటింపవలెననిరి, కాని దాని వివరములు ఇరువదిమందికి తక్కువగ పనివారున్న చిన్న సంస్థలపై అంతగ పడవు. మన దాతలు చందాలిచ్చు ఆశ్రమములు పెక్కు ఆ చిన్న తరగతిలోనివే. అచ్చట ఇన్‌స్పెక్టరు రాడు. చందా ఇచ్చువాడే అడుగవలెను. సంవత్సరాంతమున రసీదుతోబాటు జీతముల పట్టికను కూడ చూపుడని మర్యాదగ అడిగిన ఎవరును కాదనలేరు.

ఆయాల సంగతి విడిచిన ఈ ప్రసంగము సగమే యగును. లేవలేనివారిని రోజుకు పలుమార్లు ఎత్తి కూర్చుండబెట్టి నడుము నొప్పితో ఇల్లుచేరు స్త్రీలు మన వీధులలోనే కలరు. ఎత్తుటకు పద్ధతి కలదు, ఇద్దరు కలిసి పట్టవలసిన సందర్భములు కలవు. అది నేర్పని సంస్థ ఒక వికలాంగునికి సేవ చేయుచు మరియొకరిని వికలాంగురాలిని చేయుచున్నది.

మనము అల్పసంఖ్యాక భాషీయులము. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు మన పెద్దలు ఇచ్చటనే నిలిచిరి. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణమును చూపి బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని అడుగుచున్నాము. మన బిడ్డలకు ఒక్క తెలుగు పుస్తకము దానము చేసిన మనము తృప్తి పడుదుమా? పాఠశాలలో పీట కావలెనందుము. చిత్తూరు సీమనుండి వేలూరు ఆసుపత్రికి వచ్చిన ముసలమ్మ తన నొప్పిని తెలుగున చెప్పుకొనగలిగినప్పుడు ఆమె ముఖము ఎట్లు మారునో అచ్చట పనిచేయు మన బిడ్డలు చూచియే యుందురు. మాట అందకపోవుట ఏమో మనకు తెలిసినంతగ మెట్టు అందకపోవుట ఏమో మనకు తెలియలేదు.

దీనికి నిదర్శనము ఈ మందిరమే. మన పత్రికకు ప్రతి యేడు తప్పక చందా పంపు ఒక పెద్దమనిషి చక్రముల కుర్చీలో తిరుగువాడు. పత్రిక ఆయన యింటికి చేరుచున్నది. ఆయన మాత్రము సమావేశమునకు ఎన్నడును రాలేదు. ఎందుకని మనలో ఒక్కరును అడుగలేదు, మేమును అడుగలేదు. వాకిట అయిదు మెట్లున్నవి, ఒక్కొక్కటి అర్ధ అడుగు. అడుగు యెత్తునకు పండ్రెండు అడుగుల పొడవున వాలు కట్టవలెనని నియమము. అనగా ముప్పది అడుగులు కావలెను. మన వాకిలి పదునెనిమిది అడుగులే. నడుమ మలుపు పెట్టి, తిరుగుటకు చదునైన చోటు విడిచి కట్టవచ్చునని మేస్త్రి కొలిచి చెప్పెను. అది ముగియువరకు సమావేశములను ప్రక్కనున్న పాఠశాల క్రింది గదిలో జరుపుటకు కార్యదర్శిగారు అంగీకరించిరి. ఆ పెద్దమనిషిని పిలుచుటకు రేపు మేమే పోవుచున్నాము.