గది చిన్నదైతేనేం, ఒళ్లు కదలాలి

(2021 మే నెల లాక్‌డౌన్‌లో, యాప్రాల్ పరిసరాల గిరిజన యువత కోసం ఆన్‌లైన్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

మన రాష్ట్రంలో మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు. నిరుడు మార్చిలో మూతపడిన బడులు, హాస్టళ్లు ఈ ఫిబ్రవరిలో తెరిచీ తెరవకముందే మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. హాస్టల్లో అయితే తెల్లవారగానే బెల్లు, గ్రౌండులో పీఈటీ సారు విజిలు. ఇంట్లో ఆ బెల్లు కొట్టేవారు లేరు. పాఠాలు టీశాట్‌లోనో, దూరదర్శన్ యాదగిరిలోనో. చదువంతా కూర్చునే చదువైపోయింది.

యాప్రాల్‌లో మనవాళ్లు చాలామంది అపార్టుమెంట్ల వాచ్‌మన్ గదుల్లో, కట్టుబడి పనుల దగ్గర, అద్దె గదుల్లో ఉంటున్నారు. ఒక్క గదిలో నలుగురైదుగురు. "ఇందులో ఎక్సర్‌సైజ్ ఎక్కడ చేయాలి మేడమ్?" అని అడుగుతున్నారు. సరైన ప్రశ్నే. కానీ మనలో కానిస్టేబుల్ ఉద్యోగానికి, సైన్యానికి సిద్ధమవుతున్నవాళ్లు ఎందరో. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు నిర్ణీత సమయంలో పరుగెత్తాలి. నోటిఫికేషన్ ఆలస్యమైనా వయసు ఆగదు. అది వచ్చాక పరుగు మొదలుపెడితే మోకాళ్లు పట్టేస్తాయి, అవకాశం చేజారుతుంది. నెలల తరబడి నిలబెట్టుకున్న ఒంటికే ఆ దమ్ము ఉంటుంది.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో చెప్పిన లెక్క ఇది: 5 నుంచి 17 ఏళ్లవారు సగటున రోజుకు 60 నిమిషాలు, పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. ఒకేసారి చేయనక్కర్లేదు. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై అయినా లెక్కలోకి వస్తాయి.

గదిలో చాప పరిచినంత చోటు చాలు. ముందు ఐదు నిమిషాలు నిలబడిన చోటే నడక, చేతులు, భుజాలు తిప్పడం. తర్వాత పదిహేను బస్కీలు, పది దండాలు. దండాలు రాకపోతే గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టండి. పుస్తకాల బ్యాగు వీపుకు తగిలించుకుంటే బస్కీలకు బరువు దొరుకుతుంది. ఈ వరుస మూడుసార్లు చేసి, చివర కాళ్లు చాపి వంగండి. మెట్లుంటే పది నిమిషాలు ఎక్కి దిగండి. స్కిప్పింగ్ మాత్రం మేడ మీదో నేల మీదో చేయండి, కింది ఇంటివాళ్లకు చప్పుడు కాకుండా.

ఆట మన రక్తంలోనే ఉంది కదా! ధింసా, గుస్సాడీ, కొమ్ము కోయ, లంబాడీ నృత్యం, ఏదైనా అరగంట ఆడితే చెమట పడుతుంది. గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారికి ఈ ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. అమ్మానాన్నల దగ్గర మీ అడుగులు నేర్చుకోండి. ఒంటికి వ్యాయామం, మన కళకు వారసత్వం, రెండూ దక్కుతాయి.

తమ్ముళ్లకు ఒక మాట. ఇంట్లో నీళ్లు, గిన్నెలు, చిన్నపిల్లలు అన్నీ చెల్లెళ్ల మీదే పడుతున్నాయి. పని చేస్తున్నారు కదా, వ్యాయామం ఎందుకు అనకండి. పని అలసట వేరు, దమ్ము పెంచే సాధన వేరు. రోజూ అరగంట బిందె మీరు మోయండి, గది చెల్లికి వదలండి. కానిస్టేబుల్ పరీక్షలో ఆమెకూ పరుగు ఉంటుంది.

ఇక బయట. సడలింపు ఉన్నది అవసరాల కోసం. అందుకే ఇంటి దగ్గరే, ఒక్కరే, 6 గంటలకే బయలుదేరండి. ఎండ ముదరకముందే తిరిగి రండి. యాప్రాల్ చుట్టూ చాలా భాగం సైనిక ప్రాంతం. అక్కడి గేట్లు దాటవద్దు, వద్దన్న దారిలో వెళ్లవద్దు. గట్టిగా పరుగెత్తేటప్పుడు మాస్కు తడిసి ఊపిరి ఆడదు. కాబట్టి జనం లేని చోటే పరుగు. మనుషులు ఎదురైతే దూరం జరిగి, మాస్కు పెట్టుకుని నడవండి. పాలకో కూరలకో వెళ్తే బండి వదిలి నడిచి వెళ్లండి.

అందరూ గుర్తుంచుకోవలసినవి రెండు. జ్వరం, దగ్గు ఉంటే వ్యాయామం పూర్తిగా ఆపండి. కోవిడ్ తగ్గినవాళ్లు డాక్టరును అడిగి, మొదట గదిలో నడకతోనే మొదలుపెట్టాలి. ఆరు నిమిషాలు నడిచాక ఆక్సిజన్ 93 కంటే పడిపోయినా, మొదట ఉన్నదానికన్నా 3 పాయింట్లకు మించి తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రెండోది, మన గిరిజన సమూహాల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. అది ఉన్నవాళ్లు ఎండలో, దాహంతో, పోటీపడి పరుగెత్తకూడదు. నీళ్లు బాగా తాగుతూ డాక్టరు చెప్పినంతే చేయాలి.

తిండికి పౌడరు డబ్బాలు వద్దు. జొన్నరొట్టె, రాగి జావ, పప్పు, గుడ్డు, గుప్పెడు పల్లీలు చాలు.

నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. సాధన మొదలైంది మన భువనగిరి గుట్ట మీదే. మన గుట్ట ఇవాళ్టికి ఈ గదే అనుకుందాం.

ఐదుగురు ఐదుగురుగా ఫోన్‌లో జట్టు కట్టండి. గోడ క్యాలెండర్ మీద చేసిన రోజుకు టిక్కు పెట్టి, రాత్రి జట్టులో చెప్పుకోండి. ఎవరైనా రెండు రోజులు మానేస్తే ఫోన్ చేసి అడగండి. ఒంట్లో బాగాలేదేమో, ఇంట్లో బియ్యం అయిపోయాయేమో కూడా తెలుస్తుంది. అలాంటిదుంటే సంఘం పెద్దలకు చెప్పండి, మాకు చెప్పండి.

 రేపు పొద్దున మొదటి టిక్కు పడాలి.