బరువుకు ముందు ఒడుపు

(సంఘ వార్షిక సభలో యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



మన పీర్జాదిగూడ నుండి ఉప్పల్ దాకా ఎటు చూసినా జిమ్ములే. పిల్లలు గుట్కా మాని కసరత్తుకు పోతున్నారంటే మాకు సంతోషమే. కానీ ఒక బాధ ఉంది. మన బస్తీ కుర్రవాడొకడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ, దోస్తులతో పందెం కట్టి, నడుము వంచి పెద్ద బరువును ఒక్క గుంజు గుంజాడు. నడుము పట్టేసింది. పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం పరీక్షల నాటికి మంచం మీదున్నాడు. వాళ్ల అబ్బా మా ముందు కూర్చుని కంటతడి పెడితే, ఈ మాటలు ముందే ఎందుకు చెప్పలేదా అనిపించింది.

తమ్ముళ్లారా, మొదట ఒడుపు. రాడ్డు కాళ్లకు దగ్గరగా ఉండాలి. మోకాళ్లు వంచాలి, వెన్ను నిటారుగా బిగబట్టాలి, పాదాలతో నేలను తన్నినట్టు లేవాలి. పిరుదులు ముందు లేచి భుజాలు వెనుకబడితే భారమంతా నడుము మీదే పడుతుంది. నాచారం ఫ్యాక్టరీల్లో బస్తాలెత్తే మన అన్నలకూ ఇదే మాట.

రెండోది మోతాదు. పెద్ద రాడ్డు ఒక్కటే 20 కేజీలు. కొత్తవారికి కొన్నాళ్లు అదే చాలు. అయిదుసార్లు ఎత్తితే ఇంకా రెండుసార్లు ఎత్తగలిగే ఓపిక మిగలాలి. వెన్ను వంగకుండా అన్నిసార్లూ ఎత్తగలిగినప్పుడే 2.5 కేజీలు కలపండి. వారానికి మూడు రోజులు చేసి, మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వండి. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, తిని నిద్రపోయినప్పుడు.

శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరిని చూడండి. 1994, 1995లో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. చివరిసారి స్వర్ణం కోసం 130 నుండి 137.5కు పోయారు, అది దక్కలేదు. ఏళ్లకేళ్లు సాధన చేసి, పతకం కోసం తెగించిన ఆమెకే ఏడున్నర కేజీల మెట్టు అంత కష్టమైతే, పందెం కోసం ఒక్కరోజులో ఇరవై కేజీలు పెంచే మన పిల్లల సంగతేమిటి? చెల్లెళ్లారా, ఈ దారి మీకూ తెరిచే ఉంది.

రంజాన్‌లో బరువులు తగ్గించండి. ఉపవాసంతో, నీళ్లు లేకుండా ఎండలో కసరత్తు వద్దు. ఇఫ్తార్ అయ్యాక, కొంచెం తిని నీళ్లు తాగి, తేలికగా చేయండి.

ఈ శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. పందేనికి పెట్టడానికి అది మన సొమ్ము కాదు.