బృహద్ధమని వాపు: ఇంట్లో, ప్రయాణంలో



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మా కుటుంబాన్ని అడిగారు. మేము డాక్టర్లం కాము. రెండేళ్లుగా అబ్బాజాన్‌తో పాటు ఒక జబ్బును కనిపెట్టుకుని ఉన్నవాళ్లం, అంతే.

కిడ్నీలో రాయి ఉందేమోనని కడుపు స్కానింగ్ తీయిస్తే రాయి లేదు గానీ బృహద్ధమని ఉబ్బి ఉందన్నారు. గుండె నుంచి బయలుదేరి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం అది. కడుపు భాగంలో మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజం అంటారు. అబ్బాజాన్‌ది 4.2. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఆయన మాత్రం బాగానే నిద్రపోయేవారు, మాకే నిద్ర పట్టేది కాదు. ఆయన దగ్గితే అమ్మీజాన్ లేచి కూర్చునేది.

పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అది దాచేది కాదు. అయితే మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడో, త్వరత్వరగా పెరుగుతున్నప్పుడో ఆపరేషన్ మాట ఎత్తుతారు. అంతకు లోపు ఉంటే డాక్టరు చెప్పిన గడువుకు స్కానింగ్, బీపీ అదుపు, పొగ మానడం. నలభై ఏళ్ల బీడీని అబ్బాజాన్ మానింది ఈ భయంతోనే. మేము ఎన్నేళ్లు చెప్పినా వినలేదు మరి!

శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌కూ ఇదే జబ్బు. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆ వాపు చుట్టూ సెల్లోఫేన్ చుట్టారు. ఆ తర్వాత ఆరేళ్లకు పైగా బతికి, 1955 ఏప్రిల్‌లో అది పగిలి, మళ్లీ ఆపరేషన్‌కు ఒప్పుకోక కన్నుమూశారు. ఇప్పుడైతే చాలామందికి గజ్జల దగ్గరి రక్తనాళం గుండానే గొట్టం పంపి లోపల అమర్చుతున్నారు.

ఇక ప్రయాణం. ఉమ్రాకు డబ్బు కట్టాక ఈ సంగతి బయటపడింది. రద్దు చేద్దామని మేము, వెళ్తానని ఆయన. ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. చివరికి డాక్టరునే అడిగాం. వాపు చిన్నది, నొప్పి లేదు, బీపీ అదుపులో ఉంది కాబట్టి విమానం ఎక్కవచ్చన్నారు. వాపు పెద్దదైనా, నొప్పి ఉన్నా జవాబు వేరుగా ఉండేది. మా జవాబు పట్టుకుని ఎవరూ టికెట్ తీయకండి, మీ డాక్టరును అడగండి.

సూట్‌కేసులు ఆయన చేత ఎత్తించలేదు. బీపీ మాత్రలు చేతిసంచిలోనే పెట్టాం. స్కానింగ్ రిపోర్టు నకలు ఆయన జేబులో ఒకటి, మా దగ్గర ఒకటి. ఇన్సూరెన్సు కాగితంలో జబ్బు దాచకుండా రాశాం. సఫా మర్వాల మధ్య ఏడు సార్లంటే మూడు కిలోమీటర్లకు పైనే. చక్రాల కుర్చీ మీద చేయించాం. ఆయన మొదట చిన్నబుచ్చుకున్నారు, మూడో సారికి తేలికపడ్డారు.

అందరూ గుర్తుంచుకోవలసింది మందుల సంగతి. ప్రయాణంలో విరేచనాలైతే మనం మందుల షాపులో అడిగి వేసుకునేది సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటివే. బృహద్ధమని వాపు ఉన్నవారికి వేరే దారి ఉంటే ఈ రకం యాంటీబయాటిక్స్ ఇవ్వవద్దని అమెరికా ఔషధ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. అబ్బాజాన్‌కు అక్కడ కడుపు చెడింది. తోటి యాత్రికుడు ప్రేమగా ఇచ్చిన మాత్ర సిప్రోయే. పేరు చదివి పక్కన పెట్టి, డాక్టరుకు రిపోర్టు చూపించి వేరే మందు రాయించుకున్నాం.

కడుపులోనో నడుములోనో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకూడదు. రక్తనాళాల ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లాలి. వెళ్లగానే వాపు సంగతి చెప్పాలి. లేకపోతే అక్కడా కిడ్నీ రాయి అనుకునే వీలుంది.

తిరిగి వచ్చాక స్కానింగ్‌లో 4.3 అన్నారు. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో కనిపించే అవకాశం ఎక్కువ. వచ్చే నెల అబ్బాజాన్‌తో పాటు ఇద్దరు చాచాలూ స్కానింగ్‌కు వస్తున్నారు. చిన్న చాచాను ఒప్పించడానికి ఇంకా మాట్లాడుతున్నాం.