దైవసాక్షి - ఆత్మసాక్షి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మనలో కేంద్ర ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిన ప్రతివారును చేరిన దినమున ఒక కాగితము చదివి సంతకము చేసియుందురు. భారత రాజ్యాంగమునకు విధేయుడనై యుందునని అందలి వాక్యము. 'ప్రమాణము చేయుచున్నాను' అనియు, 'సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయుచున్నాను' అనియు అందు రెండు మాటలుండును. ఒకదానిని ఉంచుకొని రెండవదానిని కొట్టివేయవలెను. నేను చేరిన నాడు నా ప్రక్క కుర్చీలోనున్న యువకుడు మొదటి మాటను కొట్టివేసెను. అది చూచిన పెద్ద యొకరు చిరునవ్వుతో, "దేవుడు లేడనువాని మాటకు పూచీ ఏమి నాయనా?" అని అడిగిరి. యువకుడు మారు పలుకలేదు. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. చట్టసభలలో నాస్తికులకు, మానవవాదులకు గల స్థానమును గూర్చి నాలుగు మాటలు చెప్పుచు, దానికి నాకు తోచిన సమాధానమును మీ ముందుంచెదను.

ప్రశ్న క్రొత్తది కాదు. మత సహనమును బోధించుచు 1689లో లేఖ ప్రకటించిన ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ సైతము, వాగ్దానములు, ప్రమాణములు నాస్తికుని కట్టివేయజాలవని చెప్పి, అతనిని ఆ సహనమునకు వెలుపలనే నిలిపెను. మన పల్లెలలో కర్పూరము వెలిగించి ప్రమాణము చేయించుట ఎల్లరమును ఎరుగుదుము. కాణిపాకము వినాయకుని సన్నిధిలో ప్రమాణమనిన బొంకువానికి గుండె జారును. దైవము చూచుచున్నాడని నమ్మినవారికి ఆ భయము నిజమైన కట్టుబాటే. నేనును నమ్మువాడనే. కాని నమ్మనివానిని ప్రజలు తమ ప్రతినిధిగా ఎన్నుకొన్నచో ఏమి చేయవలెను?

ఈ చిక్కు ఇంగ్లండు పార్లమెంటును ఆరు సంవత్సరములు కుదిపివేసినది. 1880 ఏప్రిలులో నార్తాంప్టన్ ఓటర్లు చార్లెస్ బ్రాడ్లాను కామన్సు సభకు ఎన్నుకొనిరి. అది పాదరక్షల తయారీకి పేరుపొందిన పట్టణము. ఆయన నాస్తికుడని ఓటర్లకు ముందే తెలియును. ఆయన దాచినవాడు కాడు. మే 3వ తేదీన సభకు వచ్చి, దైవము పేర ప్రమాణమునకు బదులు ప్రతిజ్ఞ చేయుటకు అనుమతి కోరెను. ఒట్టు పెట్టుట తమ మతమునకు విరుద్ధమని భావించు క్వేకరులకు అట్టి సదుపాయము అంతకుముందే యుండెను. నాస్తికునకు అది వర్తింపదని విచారణ సంఘము తేల్చెను. అట్లైన ప్రమాణమే చేసెదనని ఆయన ముందుకు రాగా, నమ్మకము లేనివాడు ఆ మాట పలుకరాదని సభ్యులు అడ్డుపడిరి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! జూన్ 23న, సభ విడిచి పొమ్మన్న ఆజ్ఞను పాటింపనందున, ఆయనను పార్లమెంటు భవనపు గడియార గోపురమున నిర్బంధించిరి.

పిదప ప్రతిజ్ఞకు అనుమతి లభించినను, అది చట్టము ముందు చెల్లదని 1881లో న్యాయస్థానము తీర్పు చెప్పుటతో స్థానము పోయెను. ఓటర్లు ఆయననే మరల పంపిరి. ఆ ఆగస్టులో ఆయనను పార్లమెంటు నుండి బలవంతముగా గెంటివేసిరి. 1882, 1884 ఉపఎన్నికలలోను, 1885 సాధారణ ఎన్నికలలోను నార్తాంప్టన్ తన మాట మార్చుకొనలేదు. ప్రతిజ్ఞకు వీలు కల్పించు బిల్లును 1883లో ప్రధాని గ్లాడ్‌స్టన్ సమర్థించెను. ఆయన నిష్ఠగల క్రైస్తవుడు. ఐనను 289 మంది అనుకూలురు, 292 మంది ప్రతికూలురు కాగా, 3 ఓట్లతో బిల్లు వీగిపోయెను. తుదకు 1886 జనవరిలో సభాపతి ఆర్థర్ పీల్ ఆక్షేపణలను విననొల్లక, ఆయనచే ప్రమాణము చేయించెను. 1888లో బ్రాడ్లా తెచ్చిన చట్టముతో ప్రతిజ్ఞ చేయు హక్కు స్థిరపడెను.

అట్లు దక్కిన స్థానమున ఆయన నాస్తికత్వమును ప్రచారము చేసి కాలము గడపలేదు. నోరులేని భారతీయుల పక్షమున మాటాడి 'భారతదేశపు సభ్యుడు' అనిపించుకొనెను. 1889 డిసెంబరులో బొంబాయి కాంగ్రెసు మహాసభకు వచ్చెను. ఆయనను నిషేధించిన 1880 నాటి తీర్మానమును సభ తన గ్రంథముల నుండి కొట్టివేసినది 1891 జనవరి 27న. ఆయన కన్నుమూసినది 30న. నాడు లండనులో విద్యార్థిగా నున్న గాంధీ ఆ అంత్యక్రియలకు హాజరయ్యెను.

ఈ కథలో నాకు ముఖ్యముగా కనిపించినది ఒకటి కలదు. ఆ నియమము అబద్ధమాడు నాస్తికుని ఆపలేదు. మనసులో నవ్వుకొనుచు ప్రమాణము చదివినవాడు నిరాటంకముగా లోనికి పోవును. నిజము చెప్పినవానినే అది గడప వద్ద నిలిపినది. సత్యమును కాపాడుటకు పెట్టిన కావలి సత్యవంతునే పట్టుకొన్నది! అంతేకాదు, త్రోసివేయబడినది బ్రాడ్లా ఒక్కడే కాదు, ఆయనను పంపిన వేలాది ఓటర్ల తీర్పు.

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ పాఠము అందినదనియే చెప్పవలెను. 1949 అక్టోబరు 17న, 'దైవము పేర' అను మాటలతో పీఠిక ఆరంభము కావలెనని హెచ్. వి. కామత్ సవరణ తెచ్చెను. విశ్వాసమున మనుజుని నిర్బంధింపరాదని పట్టం థాను పిళ్ళై వాదించెను. అంతరంగమునకు చెందిన ఇట్టి విషయమున ఇతరులపై ఒత్తిడి తగదని హృదయనాథ కుంజ్రూ పలికెను. సవరణకు 41 ఓట్లు రాగా వ్యతిరేకముగా 68 వచ్చెను. ఐనను భక్తుల మాటను కూడ వారు తిరస్కరింపలేదు. శాసనసభ్యుల ప్రమాణ పాఠముగల మూడవ షెడ్యూలులో, దైవము పేర ప్రమాణము చేయుటకును, సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయుటకును సమానముగా చోటిచ్చిరి. 1963 నాటి 16వ సవరణ తరువాత అభ్యర్థిగా నిలిచినపుడు ఒకసారి, గెలిచిన పిదప ఒకసారి సభ్యుడు ఈ మాట ఇయ్యవలెను. ఇయ్యక సభలో కూర్చున్నచో దినమునకు 500 రూపాయల దండన కలదు. ఏ మాటతో ఇచ్చినను బాధ్యత ఒక్కటే.

మన తెలుగునాట ఈ విషయమునకు ప్రత్యేకమైన చరిత్ర కలదు. హేతువాదియైన త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి పురపాలక సంఘాధ్యక్షుడై, గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించెను. మానవవాది రావిపూడి వెంకటాద్రి నాగండ్ల గ్రామస్థుల ఆదరముతో దశాబ్దముల తరబడి సర్పంచిగా నుండెను. గోరా అని మన మెరిగిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు మార్చెను. గోరా కుమార్తె వివాహమునకు దైవమను మాటకు బదులు సత్యమను మాటతో ప్రమాణము చేయించుటకు గాంధీజీ సమ్మతించెను. ఆ కుటుంబమునకే చెందిన చెన్నుపాటి విద్య 1980లోను, 1989లోను విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను. బ్రాడ్లాకు తలుపు మూసిన నాటికి సరిగా నూరేండ్ల తరువాత, కనకదుర్గమ్మ కొలువుదీరిన పట్టణము నాస్తికుని బిడ్డను పార్లమెంటునకు పంపినది. ఆ ఓటర్లను తలచినపుడు నాకు గర్వము కలుగును.

ఐనను ఇట్టివారు చట్టసభలలో అరుదు. అందుకు కొంత కారణము వారి మార్గమే. ఎం. ఎన్. రాయ్ 1948లో తన పార్టీని రద్దుచేసి మానవవాద ఉద్యమమునకు మరలెను. గోరా పార్టీలు లేని ప్రజాస్వామ్యమును కోరెను. రెండవ కారణము భయము. చట్టము తలుపు తెరచినను లోకాభిప్రాయము తెరవకపోవచ్చును. అమెరికాలో పదవికి దైవవిశ్వాస ప్రకటన కోరరాదని సుప్రీంకోర్టు 1961లోనే తీర్పు చెప్పెను. ఐనను 1973 నుండి కాంగ్రెసు సభ్యుడైన పీట్ స్టార్క్ తనకు దైవవిశ్వాసము లేదని బహిరంగముగా చెప్పినది 2007లో. నడుమ 34 సంవత్సరములు! ఓటర్ల ముందు మౌనము వహింపవలసి వచ్చుట అభ్యర్థికి మేలు కాదు, ఓటర్లకును మేలు కాదు.

అట్లని నాస్తికులకు ప్రత్యేక స్థానములు కేటాయింపుమని నేననను. ఎన్నికైనవాడు నాస్తికుల ప్రతినిధి కాడు, నియోజకవర్గమునకంతకు ప్రతినిధి. గుడికి పోవువారి దారి బాగుచేయుటయు అతని పనియే. నేను కోరునది ఇంతే: నమ్మకము అర్హత కారాదు, అపనమ్మకము అనర్హత కారాదు.

ఇక ఆనాటి పెద్దమనిషి ప్రశ్నకు వత్తును. ప్రమాణమునకు సాక్షి ఎవరైనను, మాటకు పూచీ దానిని నిలుపుకొనుటయే. హరిశ్చంద్రుని మనము కొలుచునది అతడు పెట్టిన ఒట్టులకు కాదు, తప్పని మాటకు. ఆనాడు నా ప్రక్క కూర్చున్న మిత్రుని ఇరువది యేండ్లకు పైగా ఎరుగుదును. అతడు దైవము పేరెత్తగా నేను వినలేదు. ఇచ్చిన మాట తప్పగా నేను చూడలేదు. దైవసాక్షిగా సంతకము చేసిన నేను నా విషయమున అంత ధైర్యముగా చెప్పగలనా అని అప్పుడప్పుడు నన్ను నేనే ప్రశ్నించుకొందును.